తడి చీర బరువు

ఫిబ్రవరి 15, శనివారం

మెయిల్‌ని మూడుసార్లు నేనే చదివాను. నాలుగోసారి ఎలీషా చేత పైకి చదివించాను. మంచి వార్త నా కళ్ళతో చదివితే నాకు నమ్మకం కుదరదు.

కెరీర్ డెవలప్‌మెంట్ అవార్డుకి ఇంటర్వ్యూకి పిలిచారు. మార్చి 12న, ఆన్‌లైన్‌లో.

"అంటే ఇంక ఓపీ ఉండదా?" అన్నాడు ఎలీషా. పదిహేడేళ్ళ కాపురంలో మా ఆయనకి నా ఉద్యోగం గురించి అర్థమైంది ఓపీ ఒక్కటే. ఉంటుంది, వారానికి మూడు రోజులు. మిగతా మూడు రోజులు ఐదేళ్ళపాటు నావి. ఆ రోజులు నన్ను వదలడానికి ఒప్పుకుంటూ మా కాలేజీ ముందే సంతకం పెట్టింది. వాళ్ళు ఇస్తామంటున్నది అసలు అదే, టైము. కిడ్నీలు పాడయ్యాక వచ్చేవాళ్ళని పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను. పాడవకముందు ఏం జరుగుతుందో చూడటానికి నాకున్నవి శనివారాలే.

నలభై ఐదు నిండితే అనర్హులు. నాకు ఆగస్టులో నిండుతాయి. పరిశోధనలో అప్పుడప్పుడే అడుగుపెట్టేవాళ్ళకి ఇచ్చేది కదా. మిగతావాళ్ళంతా ముప్పైల్లో ఉండి ఉంటారు. నేను ఆ క్యూలో చివర నిలబడ్డ ఆంటీని.

నన్ను పిలిపించింది అప్లికేషన్లోని ఒకే ఒక్క వాక్యం. ఉయ్యూరు దగ్గర చెరకు నరికే ముఠాలో పొద్దున పనికి ముందు, సాయంత్రం పని అయ్యాక బరువు చూస్తున్నాం. మగవాళ్ళు రోజుకి కిలోన్నర తగ్గుతున్నారు. అదంతా ఒంట్లోంచి పోయిన నీరు. అదే ఎండలో ఆకు రాల్చి, కట్టలు కట్టి మోసే ఆడవాళ్ళు తగ్గేది ఆరువందల గ్రాములే. ఆడ శరీరం నీటిని ఎలాగో దాచుకుంటోంది! ఆ వాక్యం టైప్ చేసిన రోజు, దేవుడు చేసిన ఈ ఒంటి ముందు నేనెంత అనిపించింది.

ఫిబ్రవరి 19

కృపానందం సార్ ఇంట్లో ప్రాక్టీసు. నాకు కిడ్నీ గురించి మొదటి పాఠం చెప్పింది ఆయనే. ఈ అవార్డుకి నా తరఫున ఉత్తరం రాసిందీ ఆయనే. డెబ్బై రెండేళ్ళు. ల్యాప్‌టాప్‌ని దాదాపు ముక్కుకి ఆనించుకుని చూస్తారు.

"మొదటి పేజీలో ఫోటో ఎవరు తీశారు?"

"నేనేనండి."

"బాగుంది. బరువు స్కేలు మీద ఉన్నావిడ ఎవరు?"

"శౌరమ్మ అండి. ఆడముఠాకి పెద్ద."

"మోకాళ్ళ కిందంతా చీర నల్లగా ఉందేమిటి, నీడా?"

"నీడేనండి. సాయంకాలం తీశాను కదా."

తర్వాత స్లైడుకి వెళ్ళిపోయాం. ఇరవై నిమిషాల్లో ముగించాలట. నాది ముప్పై ఒకటి అయింది.

ఫిబ్రవరి 20

నీడే.

ఫిబ్రవరి 22, శనివారం

తలనొప్పి. పొలానికి వెళ్ళలేదు. ముఠా దగ్గర రోజూ ఉండేది నర్సు జరీనాయే కదా, ఆమెనే చూసుకోమన్నాను. ఇంతకు ముందు ఏ శనివారమూ మానలేదు. తలనొప్పి నిజంగానే ఉంది, సాయంత్రం నుంచి.

ఫిబ్రవరి 23

ఫోటో పెద్దది చేసి చూశాను. జరీనా నీడ ఎడమవైపు పడింది. స్కేలు నీడా ఎడమవైపే. శౌరమ్మ చీర మాత్రం చుట్టూరా నల్లగా ఉంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

సెలవు పెట్టి వెళ్ళాను. ఇన్ని శనివారాలూ నేను స్కేలు పక్కన కుర్చీలో కూర్చుని అంకెలు రాసుకునేదాన్ని. ఇవాళ స్కేలు దగ్గర కూర్చోకుండా గట్టు మీద నిలబడ్డాను.

ఐదింటికి పని ఆపారు. మగవాళ్ళు ఎక్కడి కత్తులు అక్కడ పెట్టి నేరుగా స్కేలు దగ్గరికొచ్చారు. ఆడవాళ్ళు కాలవ వైపు నడిచారు. చీరలతోనే మోకాళ్ళ లోతుకి దిగారు. మొహాలు, చేతులు, కాళ్ళు కడుక్కున్నారు. తలగుడ్డలు ఉతికి, పిండి మళ్ళీ తలకే చుట్టుకున్నారు. కుచ్చిళ్ళు పిండుకుంటూ వరుసగా వచ్చి నిలబడ్డారు. ఆ వరుస నాకు తెలుసు. ఆ వరుసనే నేను ఫోటో తీసింది. ఎంత శుభ్రంగా, ఎంత అందంగా ఉన్నారో అనుకునే తీశాను.

"శౌరమ్మా, రోజూ ఇలాగే కడుక్కుని వస్తారా?"

"మరేనండి. రోజూనూ."

"ఎందుకు?"

శౌరమ్మ నన్ను చూసిన చూపు, చిన్నపిల్లలకి సంగతి విడమరిచి చెప్పేముందు చూసే చూపు. "ఎందుకంటారేంటి డాక్టరమ్మగారూ? ఒళ్ళంతా చెరకు నూగు, కాళ్ళకి బురద. అద్దంలాంటి మిషను, పెద్దాసుపత్రి నుంచి మాకోసం మోసుకొచ్చారు. దానిమీద మట్టి కాళ్ళతో ఎక్కుతామా?"

"మగోళ్ళు ఎక్కుతారు," అంది వెనకావిడ. "ఆళ్ళకి పరుపెక్కేటప్పుడే లేదు." అందరూ పడీ పడీ నవ్వారు.

జరీనా మాత్రం నవ్వలేదు. నా మొహం చూసింది. "మేడమ్... కాళ్ళు కడుక్కోకుండా నేనూ ఎక్కనండి. అందుకే నాకు తేడాగా అనిపించలేదు."

పొద్దున పొడి బట్టలతో తూస్తున్నాం. సాయంత్రం కాలవతో కలిపి తూస్తున్నాం.

తడి చీర ఎంత ఉంటుందిలే. వంద గ్రాములు. మహా అయితే రెండువందలు.

ఫిబ్రవరి 26, శివరాత్రి సెలవు

ఎలీషా పేపర్ చదువుకుంటుంటే బాత్‌రూమ్ తలుపు వేసుకున్నాను. పాత నూలు చీర, లంగా, తువ్వాలు. ఎండువి వంటింటి త్రాసు మీద ముందే తూచాను. తర్వాత చీర, లంగా మోకాళ్ళ ఎత్తు వరకు బకెట్లో ముంచాను, తువ్వాలు మొత్తం ముంచాను. శౌరమ్మ పిండినట్టే పిండాను. ఆమె చేతులంత బలం నాకు లేదని రెండోసారి కూడా పిండాను. మళ్ళీ తూచాను.

కిలో నూట ఎనభై గ్రాములు ఎక్కువ.

ఇంకోసారి తూచాను. కిలో నూట డెబ్బై.

అంటే ఆడవాళ్ళు తగ్గుతున్నది ఆరువందల గ్రాములు కాదు. దగ్గర దగ్గర కిలో ఎనిమిదివందలు. మగవాళ్ళకంటే ఎక్కువ. ఆ నీటిని ఆడ శరీరం దాచుకోలేదు, కుచ్చిళ్ళు దాచుకున్నాయి. మాకు వాళ్ళు చేసిన మర్యాదని నేను శాస్త్రం అనుకున్నాను. ఢిల్లీకి పంపాను. రుజువుగా ఫోటో కూడా జతచేశాను.

"లోపల బట్టలుతుకుతున్నావా? మిషన్ ఉందిగా!" అని తలుపు కొట్టాడు ఎలీషా.

ఫిబ్రవరి 27

సార్‌కి చెప్పాను. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇంకెవరికి తెలుసు?"

"జరీనాకండి."

"ఇంటర్వ్యూలో ఈ మాట ఎత్తకు. ముందు రానీ. మొదటి ఏడాది అంతా కొత్తగా కొలిచి, అప్పుడు రిపోర్టులో సరిచేసుకో. అందరూ చేసేదే, డయానా."

"మీరు కూడానా సార్?"

కోపం వచ్చిందనుకున్నాను. రాలేదు. "నాకు అంతదాకా రాలేదమ్మా. ముప్పై నాలుగేళ్ళు ఓపీలోనే గడిచిపోయాయి. నీకు మళ్ళీ అవకాశం లేదు కాబట్టి చెబుతున్నాను," అన్నారు. గేటు దాకా వచ్చారు. ఎప్పుడూ రారు.

ఆయన చెప్పింది నాకు నచ్చింది. ఇది రాయకపోతే ఇక్కడ కూడా అబద్ధమే అవుతుంది.

ఫిబ్రవరి 28

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో తర్వాత చూద్దాం. ముందు సరిగ్గా తూస్తే ఎంత వస్తుందో తెలియాలి.

పొడి బట్టలు కావాలి, అన్నీ ఒకే బరువుండాలి. జరీనా వాళ్ళ నబీ మామకి వన్ టౌన్‌లో హోల్‌సేల్ నైటీల కొట్టు ఉంది. ఆ సందులో ఆటోకీ తోపుడుబండికీ మధ్య ఇరుక్కుని, ఒకే రకం నైటీలు నలభై కావాలని అడిగాను.

"ఒకే డిజైనా మేడమ్? ఎవరైనా పువ్వులు మార్చి తీసుకుంటారు. హాస్టలా, అనాథ శరణాలయమా?"

"చెరకు తోటకి మామా," అంది జరీనా.

ఆయన ఇంకేం అడగలేదు. కట్ట కట్టేటప్పుడు మాత్రం అల్లాని తలుచుకున్నాడు.

మార్చి 1, శనివారం

నాలుగు వెదుళ్ళు పాతి, చుట్టూ టార్పాలిన్ బరకాలు కట్టించాను. ఆడవాళ్ళు లోపలికెళ్ళి నైటీ వేసుకుని తూగాలి. పొద్దునా, సాయంత్రమూ.

"పట్టపగలు తోటలో నైటీ ఏంటమ్మా, మా ఆయన చూస్తే నాకేదో జబ్బు చేసిందనుకుంటాడు!"

"నిన్ను నైటీలో చూస్తే ఆయనకే జబ్బు చేస్తుందిలేవే."

ముప్పై ఎనిమిది మంది, ఒకే గులాబీ పువ్వుల నైటీలో, చెరకు గట్టు మీద వరుసగా. నవ్వుతూనే ఎక్కారు, నవ్వుతూనే దిగారు. ఎక్కేముందు మళ్ళీ కాళ్ళు కడుక్కుని, తుడుచుకున్నారు.

సగటున కిలో తొమ్మిదివందలు తగ్గారు.

మార్చి 4

వరుసగా నాలుగు రోజులు అంతే. కిలో తొమ్మిదివందలు, కిలో ఎనిమిదివందల యాభై.

జరీనాకి రంజాన్ రోజాలు మొదలయ్యాయి. ఎండలో నోరు ఎండిపోయి నిలబడుతోంది. నీడలో కూర్చోమన్నాను. "నాది నెల రోజులే మేడమ్. వీళ్ళది సీజనంతా," అంది.

అర్థం కాక శౌరమ్మని అడిగాను, పనిలో నీళ్ళు ఎందుకు తాగరని. "తాగితే వెళ్ళాలి కదండీ. ఎక్కడికెళ్తాం? ఆకు రాల్చాక తోట అంతా బట్టబయలు. చుట్టూ మగోళ్ళు, రోడ్డు మీద లారీలు. పొద్దున ఇంటికాడ వెళ్ళొస్తాం, మళ్ళీ చీకటి పడ్డాకే."

నా దగ్గరున్న కాగితాల్లో సాయంత్రం మూత్రం సీసా అనే గడి ఒకటి ఉంది. మగవాళ్ళ గళ్ళన్నీ నిండి ఉంటాయి. ఆడవాళ్ళవి దాదాపు అన్నీ ఖాళీ. 'శాంపిల్ అందలేదు' అని రాసి, ఆ కాలమ్‌ని లెక్కలోంచి తీసేశాను. మూడు నెలలపాటు వాళ్ళు ఆ ఖాళీలతో నాకు జవాబు చెబుతూనే ఉన్నారు.

సిగ్గుపడాల్సింది ఇంకోటి. ఓపీ రోజుల్లో మధ్యాహ్నం మూడు దాకా నేనూ నీళ్ళు ముట్టను, మా డిపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళకి బాత్‌రూమ్ రెండంతస్తుల కింద ఉంది కాబట్టి. పద్దెనిమిదేళ్ళుగా. కిడ్నీ డాక్టర్ని.

మార్చి 8

ఏదో తప్పు జరిగింది. ఆడవాళ్ళు ఇవాళ కిలో రెండువందలే తగ్గారు. నిన్న కిలో నాలుగువందలు. స్కేలు పాడైందని రెండుసార్లు సరిచూశాను. మగవాళ్ళ అంకెలు మామూలుగానే ఉన్నాయి.

మార్చి 10, సోమవారం

కిలో లోపు. తొమ్మిదివందల యాభై.

స్కేలు బాగానే ఉంది. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని చూశాను. ఒకావిడ పని ఆపి బరకాల చాటుకి వెళ్ళింది. వచ్చింది. కుండ దగ్గరికెళ్ళి రెండు గ్లాసులు తాగింది. ఆ వెనకే ఇంకొకావిడ. వెనక మూల గుంట తవ్వుకున్నారు, ఇసుక పోసుకున్నారు, బట్టలు మార్చుకునే వైపు వేరుగా తడిక పెట్టుకున్నారు. ఇలా చేసుకోమని ఎవరూ చెప్పలేదు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"బుధవారం నుంచండి," అంది శౌరమ్మ. "మీ అంకెలు పాడవుతాయా? జరీనమ్మ అడగమంది, నాకే నోరు రాలేదు."

పాడవుతాయి. పూర్తిగా పాడవుతాయి. ఏ మార్పూ చేయకుండా రెండు సీజన్లు కొలుస్తానని అప్లికేషన్లో రాశాను. సాయంత్రం సీసాలు చూశాను. ముప్పై ఎనిమిదిలో ముప్పై మూడు నిండాయి. నీరెండలో, చెక్కబల్ల మీద, లేత పసుపుగా తేటగా ముప్పై మూడు సీసాలు. పేర్లు రాయడం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను. వైద్యంలో నేను చేసిన ఏ పనీ ఇంత తొందరగా ఎవరి ఒంట్లోకీ వెళ్ళలేదు. అది కూడా నేను చేయలేదు. నేను బరకం కట్టింది నా త్రాసు కోసం.

మార్చి 12

అయిపోయింది.

తెర మీద ఏడు గళ్ళలో ఏడు మొహాలు. సార్ చెప్పినట్టే తయారయ్యాను, ఆ మాట ఎత్తకూడదనే కూర్చున్నాను. నిజం. మొదటి స్లైడ్ వచ్చింది, శౌరమ్మ ఫోటో. ఛైర్మన్ గారు, "అద్భుతమైన ఫోటో డాక్టర్," అన్నారు.

"దాంట్లోనే తప్పుంది సార్," అన్నాను. నోరు దానంతట అదే అనేసింది.

మిగతాదంతా చెప్పాను. కాలవ, కుచ్చిళ్ళు, బకెట్, నైటీలు, ఖాళీ గళ్ళు, బరకాలు. ఇరవై నిమిషాల్లో పదహారే పట్టింది.

కుడివైపు చివరి గడిలో ఉన్నావిడ, తెల్లజుట్టు, కాస్త వణికే గొంతు, అడిగింది: "ఆ చాటు తీసేసి మళ్ళీ రెండు వారాలు కొలవగలరా? మార్పుకి ముందు స్థితి మీ దగ్గర నాలుగు రోజులదే ఉంది."

"తీయలేనండి."

"ఎందుకు?"

"వాళ్ళు తాగుతున్నారండి."

నా కనెక్షన్ పోయిందేమో అనుకున్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. థాంక్యూ అన్నారు.

సార్‌కి ఫోన్ చేశాను. విన్నారు. "పదహారు నిమిషాలేనా! పోనీ, టైము కుదిరింది," అన్నారు. ఆయన గొంతులో నవ్వో, ఇంకేదో.

మార్చి 24, సోమవారం

ఇస్తామంటున్నారు!

ఒక షరతు. ఆడవాళ్ళకి ఇంకా చాటు లేని చెరకు ముఠాలు కనీసం పన్నెండు ఉండాలి. అన్నింటికీ చాటు కడతాం కానీ ఒకేసారి కాదు, చీటీలు తీసి వంతులవారీగా. వంతు రానివాళ్ళని వచ్చినవాళ్ళతో పోల్చాలి. ఎంత చక్కటి ఆలోచన. ఆ తెల్లజుట్టావిడదే అయి ఉంటుంది. ఎవరికీ అన్యాయం లేదు, లెక్కా పాడవదు. నాకు తట్టనే లేదు.

శుక్రవారం ఐదు గంటల్లోపు ఫారం పంపాలి. దాంట్లో ఒకటే గడి: 'మార్పు లేని ముఠాల సంఖ్య.' డిసెంబరులో నేను రాసుకున్న చుట్టుపక్కల ముఠాల జాబితాలో సరిగ్గా పన్నెండు ఉన్నాయి.

మార్చి 25

పన్నెండు ఉన్నాయి. ఫారం పంపేయొచ్చు. డిసెంబరు నాటి జాబితా కదా అని, ఒకసారి చూసొద్దాం అంది జరీనా. అవసరమా అన్నాను.

మార్చి 27, గురువారం

కంకిపాడు దగ్గర మొదలుపెట్టాం. మొదటి ముఠా. గట్టు మూల నాలుగు కర్రలు, చుట్టూ పాత చీరలు. ఒకటి నీలం, ఒకటి మామిడిపిందెల అంచుది. లోపలినుంచి ఒకామె కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి, కుండలో గ్లాసు ముంచింది.

"ఇదెవరు కట్టమన్నారమ్మా?" అడిగింది జరీనా.

"మా ఆడపడుచు ఉయ్యూరు వైపు ముఠాలో చేస్తదండి. నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతయ్యని ఎవరో డాక్టరమ్మ కనిపెట్టిందంట."

"ఏ డాక్టరమ్మ?"

"ఏమో. పొట్టిగా ఉంటదంట. ఆడోళ్ళందరికీ నైటీలేసి తూస్తదంట, కొంచెం అదో రకమంట గానీ మంచిదేనంట."

జరీనా కారులోకొచ్చి దుపట్టాలో మొహం దాచుకుని నవ్వుతో ఊగిపోయింది.

రెండోది, ఎరువుల సంచులు కుట్టి కట్టారు. మూడోది, కొబ్బరాకుల తడిక. నాలుగోది మామూలుగా ఉంది, చాటు లేదు. అది చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను, పీల్చుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఐదోది, ఫ్లెక్సీ బ్యానరు. ఎవరిదో పెళ్ళి శుభాకాంక్షల వెనకవైపు. ఆరోది, చీరలే.

అక్కడినుంచి లెక్కపెట్టడం జరీనాకి వదిలేశాను. అద్దం దించుకుని చూస్తూ కూర్చున్నాను. ఏ ప్రాజెక్టూ లేదు, ఏ మీటింగూ లేదు, ఒక్క పోస్టరు లేదు. మూడు వారాలు. ఆడపడుచు నుంచి వదినకి, వదిన నుంచి పక్క చేనుకి. నేను ఐదేళ్ళు అడిగాను.

పన్నెండులో ఏడింటికి ఉన్నాయి. ఐదింటికి లేవు.

మార్చి 28, శుక్రవారం

పన్నెండు అని రాస్తే ఎవరూ వచ్చి చూడరు. నేనే ఈ మాట అనుకున్నాను, ఎవరూ అనలేదు. చీటీలు తీసేనాటికి ఈ సీజన్ అయిపోతుంది, కర్రలు పీకేస్తారు, వచ్చే డిసెంబరుకి మళ్ళీ మొదటినుంచి, అప్పుడు పన్నెండూ ఖాళీయే కదా అనీ అనుకున్నాను. ఇవన్నీ నిజం కూడా కావచ్చు. కానీ వచ్చే డిసెంబరుకి ఈ ఆడవాళ్ళు మర్చిపోవాలని నేను మనసులో కోరుకోవాలి. ఐదేళ్ళూ, ఏటా, కోరుకుంటూ ఉండాలి.

రెండింటికి ఓపీ నుంచి బయటపడి మళ్ళీ వెళ్ళాను, ఆ ఐదు ముఠాల దగ్గరికే. ఎందుకెళ్ళానో నాకే తెలీదు. నాలుగు నిన్నటిలాగే ఉన్నాయి. ఐదోదాని దగ్గర, తుమ్మ కర్ర పాతుతూ కనిపించారు. ఒక పెద్దావిడ, ఇద్దరు వయసువాళ్ళు. గుంట చాలదని పెద్దావిడ కేకలేస్తోంది. కారు దిగి కర్ర పట్టుకున్నాను.

"ఇటు కాదు, గాలికి పడిపోద్ది. ఏటవాలుగా పట్టుకో," అంది. పట్టుకున్నాను. నేనెవరో ఆవిడ అడగలేదు.

నాలుగు ముప్పావుకి అక్కడే గట్టు మీద కూర్చుని ఫోన్లో ఫారం తెరిచాను. చేతులకి మట్టి, తెర మీద మరకలు. గడిలో రాశాను:

'నాలుగు. మీరు ఇది చదివేసరికి ఇంకా తగ్గవచ్చు.'

పంపేశాను. నీళ్ళు తాగాను, రెండు గ్లాసులు.